నా నడుమూ, ఆయన బనీనూ

మా ఆయన నన్ను ప్రేమించిందే తిండి దగ్గర.

పెళ్లికి ముందు మేమిద్దరం మాదాపూర్‌లో ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లం. తొంభైల చివరి రోజులవి. ఆ గుండ్రటి పెద్ద బిల్డింగు అప్పుడప్పుడే లేచింది. దాని చుట్టూ ఇంకా బండరాళ్లు, తుప్పలు, వాటి మధ్య మేకలు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న కాలం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి ఉన్న రెండంకెల్ని నాలుగంకెలు చేయడమే మా పని. సాయంత్రం కాగానే రోడ్డు పక్క బండి దగ్గర మిర్చి బజ్జీలు తినేవాళ్లం. నేను ఇంకో బజ్జీకి చెయ్యి చాపితే అతని మొహం వెలిగిపోయేది.

"నువ్వు తింటుంటే చూడముచ్చటగా ఉంటుంది. మా వైపు ఆడపిల్లలు కాకి పొడిచినట్టు తింటారు," అనేవాడు.

అలాంటి మాట అన్న మగవాణ్ణి ఏ ఆడపిల్ల వదులుకుంటుంది? నేనూ వదులుకోలేదు.

మాది శేరిలింగంపల్లి. మా నాన్నకు అక్కడే కిరాణా దుకాణం. మా ఇంట్లో ఆడపిల్ల బొద్దుగా ఉందంటే దుకాణం బాగా నడుస్తోందని అర్థం. అతనిది గుంటూరు వైపు. రెండు పక్కల పెద్దవాళ్లూ కొన్నాళ్లు మూతులు ముడుచుకొని, చివరికి పెళ్లి భోజనాల దగ్గర విప్పుకున్నారు. హఫీజ్‌పేట్‌లో రైల్వే స్టేషనుకు దగ్గరగా ఒక పోర్షన్ కిరాయికి తీసుకొని కాపురం పెట్టాం. ఇద్దరమే ఉన్నప్పుడు "నువ్వు", అత్తగారు వచ్చినప్పుడు "మీరు". అంతవరకు బాగానే సర్దుకున్నాను.

కొన్నాళ్లకు అతను ఇంకో కంపెనీకి మారాడు. జీతం పెరిగింది, స్కూటర్ మారింది, నా నడుము మాత్రం మారలేదని అతనికి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో మన దేశపు అమ్మాయిలు వరసగా ప్రపంచ అందాల కిరీటాలు తెచ్చుకుంటున్నారు. కిరీటాలు వాళ్ల నెత్తిన పెట్టి, వాటి బరువేమో దేశంలో ఉన్న పెళ్లాలందరికీ పంచారు. మా వాటాకి ఒక పత్రిక బొమ్మ వచ్చింది. మా ఆయన దాన్ని కత్తిరించి బీరువా తలుపు మీద అతికించాడు. సముద్రపు ఒడ్డున నిలబడ్డ ఆ అమ్మాయి ఒంటి మీద బట్ట ఎంత తక్కువో, కడుపులో తిండి కూడా అంతే తక్కువని చూడగానే తెలుస్తోంది.

"ఇదెవరు?" అన్నాను.

"నీకు ప్రేరణ," అన్నాడు.

ఆఫీసులో రెండంకెల్ని నాలుగు చేసే మనిషి, ఇంట్లో ఉన్న పెళ్లాన్ని సగం చేయాలని పూనుకున్నాడు.

ప్రేమగా దగ్గరికి తీసుకుంటున్నాడని నేను కళ్లు మూసుకుంటే, కూరగాయల బండి దగ్గర సొరకాయను గోటితో గిచ్చి చూసినట్టు నా నడుము మడత పట్టుకొని, "ఇది తగ్గాలి," అనేవాడు. లేతగా ఉందో ముదిరిందో చెప్పేవాడు కాదు. అలాంటప్పుడు నవ్వేసేదాన్ని. కానీ ఆ మాటలు ఒంట్లో ఎక్కడో పేరుకుపోతాయి. ఫోటో తీస్తుంటే ఎవరి వెనకైనా నిలబడడం, ఆఫీసులో నడుస్తున్నప్పుడు ఫైలు కడుపుకి అడ్డం పెట్టుకోవడం, కూర్చోగానే చున్నీ ఒళ్లో పరుచుకోవడం నాకు తెలియకుండానే అలవాటయ్యాయి. నా ఒళ్లు నాతో ఇరవై ఏళ్లకు పైగా కలిసిమెలిసి ఉంది. ఉన్నట్టుండి అది చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చిన చుట్టమైపోయింది.

ఇక అతని ఒంటి సంగతి. పెళ్లయి ఏడాది కావస్తున్నా మా ఆయన వీపు నేను చూడలేదు. ఎప్పుడూ ఒంటి మీద బనీను, దాని కింద ఇంకో బనీను. స్నానానికి బనీనుతో వెళ్లి బనీనుతో వచ్చేవాడు. మే నెలలో కరెంటు పోయి గోడలు సెగలు కక్కుతున్నా అంతే. పడకగదిలో ముందు లైటు ఆరాలి, తర్వాతే మిగతా ప్రపంచం. ఆ చీకట్లోనూ బనీను మాత్రం కాపలా కాసేది. కారణం అడిగితే "చిన్నప్పటి అలవాటు" అన్నాడు. అత్తగారినడిగితే "వాడిది చలవ శరీరమమ్మా" అంది. కోస్తా వాళ్ల ఆచారం కాబోలనుకొని ఊరుకున్నాను.

ఇంతలో అతని కంపెనీ వాళ్లు గండిపేట అవతల ఒక రిసార్టులో ఫ్యామిలీ పిక్నిక్ పెట్టారు. ఉద్యోగులందరూ భార్యాపిల్లలతో రావాలి. స్విమ్మింగ్ పూల్ ఉంటుంది. దాంతో మా ఆయనకు నిద్ర పట్టడం మానేసింది.

"మా టీమ్ లీడర్ వాళ్లావిడ వస్తుంది. చూశావుగా, ఎలా ఉంటుందో! మల్లెతీగలా!" అన్నాడు.

చూశాను. ఒకసారి వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. తీగే, కాదనను. గాలొస్తే పట్టుకోవాలేమో అనిపించేంత తీగ.

అప్పటినుంచి మా ఇంట్లో క్యాబేజీ పాలన మొదలైంది. ఆఫీసులో చేతులు మారి మారి అక్షరాలు అరిగిపోయిన ఒక జిరాక్సు కాగితం తెచ్చాడు. దాని ప్రకారం పొద్దున క్యాబేజీ నీళ్లు, మధ్యాహ్నం క్యాబేజీ ముక్కలు, సాయంత్రం రెంటినీ తలుచుకోవడం. టీవీలో పొద్దున్నే తెల్లవాళ్లు పెదవులకు కుదరని హిందీ మాట్లాడుతూ అమ్మే వణుకుడు బెల్టు కూడా ఇంటికొచ్చింది. దాన్ని నడుముకు కట్టుకొని స్విచ్చు వేస్తే బుర్రలోని ఆలోచనలతో సహా అన్నీ వణుకుతాయి, కొవ్వు తప్ప. ఆ పైన కూకట్‌పల్లి నుంచి నా కొలత కంటే చిన్నదైన చుడీదారు ఒకటి కొనుక్కొచ్చి, "పిక్నిక్ రోజుకి ఇది పట్టాలి," అన్నాడు.

ఒక ఆదివారం నేను బెల్టు కట్టుకొని వణుకుతుండగా మా అమ్మ ఏడు సీట్ల ఆటో దిగి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, గిట్లున్నవ్? గదేంది నడుముకు? నొప్పా? దవాఖానకు పోయినవా?"

"నొప్పి కాదమ్మా. ఇది కట్టుకుంటే సన్నగైతరంట."

"సన్నగై ఏంజేస్తవ్? కిటికీలకెళ్లి దూరుతవా?"

బెల్టు తీసి పక్కన పెట్టాను. మా అమ్మ వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసి చూసింది. ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన కంచంలో పప్పు, ఆవకాయ, నెయ్యి ఉన్నాయి. నా కంచంలో ఉడికిన ఆకులున్నాయి. రెండు కంచాలనూ మార్చి మార్చి చూసి నోరు విప్పింది.

"బాబూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. ఇంట్ల బియ్యం అయిపోయినయా? దుకాణంల కెళ్లి పంపమంటరా?"

"అబ్బే, ఉన్నాయండి అత్తయ్యగారూ."

"మరి పిల్లకు ఆకులు మేపుతున్నరేంది?"

"అది డైటండి. ఆరోగ్యానికి చాలా మంచిదండి."

"గంత మంచిదైతే మీరు గూడ జర తినుండ్రి," అని నా కంచంలోంచి ఒక గరిటెడు తీసి అతని నెయ్యి మీద పెట్టింది.

అతను తిన్నాడు. అత్తగారి ముందు తినక చస్తాడా? ఆ ఒక్క గరిటె మింగడానికి అతను పడ్డ పరేషాన్ చూసి నాకు నాలుగు రోజులకు సరిపడా బలం వచ్చింది.

పిక్నిక్ రోజు వచ్చింది. నేను కొద్దిగా తగ్గాను. చుడీదారుకు ఆ కొద్ది చాల్లేదు. ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాను, రోజంతా ఊపిరి తీసే పని పెట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. రిసార్టులో మామిడి చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో నీలం నీళ్ల కొలను, ఒక పక్క వేడివేడి బజ్జీలు, బిర్యానీ, లడ్డూలు. మా ఆయన నా ప్లేటులో కీరదోస ముక్కలు పేర్చి, "ఇవి చాలు," అని మగవాళ్లలోకి వెళ్లిపోయాడు.

నా పక్క కుర్చీలో టీమ్ లీడర్ వాళ్లావిడ వచ్చి కూర్చుంది. ఆవిడ ప్లేటు గోపురంలా ఉంది. పైన రెండు లడ్డూలు. ఆవిడ వాటిని చూస్తున్న చూపు, పరీక్షకు చదవకుండా వచ్చిన పిల్ల ప్రశ్నాపత్రాన్ని చూసే చూపు.

కాసేపటికి గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకపోతే, ఈ లడ్డూ మీరు తీసుకుంటారాండీ? మా ఆయన ఇటు చూడనప్పుడు," అంది.

"ఎందుకండి? మీరు తినరా?"

"తినలేనండి. అసలు మిమ్మల్ని చూస్తే నాకు చచ్చేంత కోపం, చెప్పొద్దూ."

"నేనేం జేసిన?" అన్నాను. ఆశ్చర్యంలో ఆఫీసు భాష పోయి ఇంటి భాష వచ్చేసింది.

"మీరు మా ఇంటికి భోజనానికొచ్చి వెళ్లారా, ఆ రోజునుంచి ఒకటే పోరండి. 'ఆ అమ్మాయిని చూడు, ఎంత నిండుగా ఉందో! నువ్వూ ఉన్నావు, దండెం మీద ఆరేసిన చీరలా,' అని. పొద్దున్నే అరటిపళ్లు, పైన గ్లాసుడు పాలు, అన్నంలో గరిటెడు నెయ్యి. వాంతికొచ్చినా వదలరు. మీలా ఎప్పుడవుతానో అని నన్ను కాటా ఎక్కిస్తారండి."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. చుడీదారు కుట్లు కిరకిరలాడుతున్నా నవ్వాను. "మా ఇంట్లో రోజూ మీ పేరు మీద క్యాబేజీ ఉడుకుతోందండి," అన్నాను. ఆవిడ నోరు తెరిచి నా వైపు చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. తీగకు అంత గట్టి నవ్వుంటుందనుకోలేదు.

ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చునే ఇద్దరు తెలివైన మగవాళ్లు. ఒకడి పెళ్లాం ఇంకొకడికి నమూనా. పాపం, వాళ్లు ఆ ముక్క మధ్యాహ్నం టీ తాగుతూ ఒకరితో ఒకరు చెప్పుకొని ఉంటే రెండు కొంపల్లో ఆడవాళ్లు సుఖంగా తిని ఉండేవాళ్లు. మేం ప్లేట్లు మార్చుకున్నాం. ఆవిడ కీరదోస ముక్కలు కరకరా నములుతుంటే నేను లడ్డూ పని పట్టాను.

అప్పుడే కొలను దగ్గర అరుపులు వినిపించాయి.

మగవాళ్లంతా చొక్కాలిప్పి నీళ్లలో దిగారు. వాళ్లను చూసి తీరాలి. పెళ్లాల నడుములకు టేపులు పెట్టే ఆ సైన్యంలో ఒక్కడి బొడ్డు కూడా ఉండాల్సిన చోట లేదు. రోజంతా కుర్చీల్లో కూర్చొని పెంచుకున్న పొట్టల్ని నీళ్ల మీద తేలేసి ఏ జంకూ లేకుండా కేరింతలు కొడుతున్నారు. మా ఆయన ఒక్కడే నిండా బట్టలతో గట్టు మీద కూర్చున్నాడు.

"దిగరా మామా! సిగ్గా?" అంటూ ముగ్గురు వచ్చి పట్టుకున్నారు. అతను వద్దని మొదట నవ్వుతూ అన్నాడు, తర్వాత నవ్వకుండా అన్నాడు. వాళ్లకు ఆ తేడా తెలియలేదు. చొక్కా గుండీలు తెగాయి. ఒక బనీను పోయింది. "అరే, లోపల ఇంకోటి ఉందిరోయ్!" అని ఎవరో అరిస్తే అందరూ అటు తిరిగారు. రెండోది కూడా లాగి అతన్ని నీళ్లలోకి తోశారు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. నడుము దాకా నీళ్లు. పగటి వెలుగులో అతన్ని అలా చూడడం నాకదే మొదటిసారి. ఛాతీ మగవాళ్ల ఛాతీలా బల్లపరుపుగా లేదు. ఈడొచ్చే ఆడపిల్లకు ఉన్నట్టు రెండు వైపులా ఎత్తుగా ఉంది. ఒకడు, "ఒరేయ్, మనోడికి బనీను కాదురా, వేరేది కొనివ్వాలి!" అన్నాడు. కొలనంతా ఘొల్లుమంది.

అతను రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతులు నేనెరుగుదును. ఆఫీసులో నేను కడుపుకి అడ్డం పెట్టుకునే ఫైలు కూడా అలాగే ఉంటుంది.

నేను ఆలోచించానని చెబితే అబద్ధం. ప్లేటు కింద పెట్టి, కుర్చీ లోంచి లేచి, గబగబా నడిచి, చున్నీతో చెప్పులతో సహా ఆ నీళ్లలోకి దూకేశాను. నాకు ఈత రాదు. లావుగా ఉంటే ఒక సుఖముంది: మనం నీళ్లలో పడితే ఇంకెవరినీ చూడాలని ఎవరికీ అనిపించదు. ఆ చప్పుడుకు చెట్ల మీది కాకులు లేచాయి. గట్టు మీదున్న మేనేజరు గారి బిర్యానీ పులుసైపోయింది. చుడీదారు పక్క కుట్టు చంక నుంచి నడుము దాకా పోయింది. నేను పైకి లేచి దగ్గుతుంటే పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, మగవాళ్లు కడుపులు పట్టుకొని నవ్వుతున్నారు.

"అమ్మో, వదిన తుఫానురా!"

నవ్వనీ. ఈలోపు టీమ్ లీడర్ వాళ్లావిడ ఒక తువ్వాలు తెచ్చి, ఏమీ ఎరగనట్టు మా ఆయన భుజాల మీద వేసేసింది. తువ్వాలు కప్పుకొని అతను మెట్లెక్కిపోయాడు. నాకు కాలు జారిందని అందరూ అనుకున్నారు. నేనూ కాదనలేదు.

స్కూటర్ మీద తిరిగొస్తుంటే కొండాపూర్ దగ్గర గాలికి ఇద్దరికీ చలేసింది. ఇంటికొచ్చి టీ పెట్టాను. గ్లాసు అందుకొని, కిటికీ వైపు తిరిగి అతనే మొదలుపెట్టాడు.

"ఇంటర్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు బయటపడింది. నాకొక ఆడపేరు పెట్టారు. రెండేళ్లు ఆ పేరుతోనే పిలిచారు. అందరూ లేవకముందే కుళాయి దగ్గర స్నానం చేసి వచ్చేవాణ్ణి. నాన్న ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళితే, ఎదిగితే పోతుందిలే అన్నాడు. ఎదిగాను. పోలేదు."

"నాకు చెప్తే ఏమైతుండె?"

"నన్ను మగాడివే కాదంటావని."

నాకు జాలేసింది. దానికంటే ముందు ఒళ్లు మండింది. రెండూ ఒకేసారి వస్తే ఏది ముందు బయటికి రావాలో తెలియదు. కోపమే గెలిచింది.

"గందుకని నా నడుం కొలుస్తవా? నీ ఒంటి మీద నీకు కోపముంటే, నా కంచంల క్యాబేజీ ఎందుకు వెట్టినవ్?"

అతను చాలా మెల్లగా అన్నాడు. "పక్కన నువ్వు ఆ బొమ్మలోదానిలా ఉంటే అందరూ నిన్నే చూస్తారు కదా. నన్నెవరూ చూడరు."

అంటే ఇన్నాళ్లూ నన్ను చెక్కుతున్నది అందం కోసం కాదు, అడ్డుతెర కోసం. ఒక పరదా కుట్టించుకుంటే పోయేదానికి పెళ్లాన్ని కుట్టించుకోబోయాడు. ఆ మాట పైకి అనేశాను కూడా. అతను నవ్వలేదు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను టీ గ్లాసు చేతిలోంచి తీసుకొని పక్కన కూర్చున్నాను. ఆ పూట ఇద్దరికీ అన్నం వండాను.

మర్నాడు బీరువా మీది బొమ్మ తీసేశాడు. గట్టిగా అతికించాడేమో, తల ఊడొచ్చి కాళ్లు ఉండిపోయాయి. ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ కాళ్లు మా బీరువా మీద నిలబడే ఉన్నాయి.

కొన్ని వారాల తర్వాత దవాఖానకు వెళ్లొచ్చాడు. ఒక్కడే వెళతానన్నాడు, వెళ్లనిచ్చాను. ఇది చాలామంది మగవాళ్లకు ఉండేదేననీ, జబ్బు కాదనీ, మరీ ఇబ్బందైతే ఆపరేషన్ ఉందనీ డాక్టరు చెప్పాడట. "చాలామందికి ఉంటే మరి ఎవరూ కనబడరేంటండి?" అని మా ఆయన అడిగితే, "మీరు కనబడ్డారా?" అన్నాడట డాక్టరు. ఆ సంగతి చెబుతూ మా ఆయన నవ్వాడు. ఈ విషయంలో అతను నవ్వడం అదే మొదలు. నేను అవసరమైనదాని కన్నా ఎక్కువ నవ్వాను. దాంతో అలిగాడు. ఆపరేషన్ మాట వాయిదాల మీద వాయిదాలు పడి మరుగునపడింది.

మారిపోయాడా అంటే, అంత తొందరగా ఎవరు మారతారు? పండుగకి నేను చేతుల్లేని జాకెట్టు కుట్టించుకుంటే, "భుజాలు కొంచెం..." అని మొదలుపెట్టాడు. నేను అతని ఛాతీ వైపు చూశాను. వాక్యం అక్కడే ఆగిపోయింది. అలా చూడడం ధర్మం కాదని నాకు తెలుసు. అయినా అప్పుడప్పుడు చూసేదాన్ని. సంసారంలో చేతికందిన ఆయుధాన్ని పూర్తిగా అవతల పారేసే సన్యాసిని కాను నేను.

నన్ను ఆ నీళ్లు మాత్రం వదల్లేదు. భయంతో దూకినా, మునిగిన ఆ కాసేపూ ఒంటి బరువు ఎక్కడికో పోయింది. ఆ తేలికదనాన్ని మళ్లీ చూడాలనిపించింది. కూకట్‌పల్లి వైపు ఒక కొలనులో ఆదివారాలు మధ్యాహ్నం ఆడవాళ్ల బ్యాచ్ ఉందని తెలిసి, టీమ్ లీడర్ వాళ్లావిడకు ఫోన్ చేశాను. మా వాళ్లు ఇద్దరూ ఒప్పుకోవడానికి కారణాలు వేరు. నేను తగ్గుతానని మా ఆయన అనుకున్నాడు, ఆకలి పెరుగుతుందని వాళ్లాయన అనుకున్నాడు.

మొదటి రోజే ఈత నేర్పే ఆవిడ మమ్మల్ని వెల్లకిలా పడుకోమంది. నేను పడుకున్నాను. తేలాను. ఏమీ చేయకుండానే, చెక్కపలకలాగా. పక్కన మల్లెతీగ కాళ్లు కిందికి పోయి బుడుంగున మునిగింది. లేచింది. మళ్లీ మునిగింది.

"అమ్మా, పట్టుకొని తేల్చెటందుకు నీళ్లకు నీ ఒంట్ల ఏం దొరుకుతలేదు," అంది ఈత నేర్పే ఆవిడ. "జర తినొస్తుండు."

"ఈవిడ కూడా మా ఆయన మాటే అంటోందండీ!" అని నీళ్లు కక్కుతూ అరిచిందావిడ. కొలనులో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వబోయి నీళ్లు మింగాను. మల్లెతీగ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నేను మళ్లీ వెల్లకిలా తేలాను, ఆవిడ కూడా నా పక్కన మెల్లగా పైకి వచ్చింది.